రెండు మట్టాల తుపాకి

దోహాలో ఏం పని చేసేవాడివని అడిగితే తుపాకుల పని అంటాను. అడిగినవాళ్ళు కొంచెం సర్దుకుని కూర్చుంటారు. నా బతుకులో ఒక్క పిట్టను కూడా కొట్టలేదని చెప్పాక మళ్ళీ మామూలుగా కూర్చుంటారు. వేట సామాను అమ్మే ఒక దుకాణంలో, వెనక గదిలో, తుపాకుల మీద స్కోపులు బిగించేవాణ్ణి. స్కోప్ అంటే దూరంగా ఉన్న జంతువును దగ్గరగా చూపించే గొట్టం. అంతే నా ఉద్యోగం. జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, తెల్లబడ్డాక వదిలేసి వచ్చాను.

ఇప్పుడు గల్ఫ్‌కు బయల్దేరే కుర్రాళ్ళు మా ఇంటికి వచ్చి, అక్కడ ఎలా నెగ్గుకురావాలో చెప్పమంటారు. ఎండ గురించి, క్యాంప్ తిండి గురించి చెప్తానని వాళ్ళ ఆశ. ఎండ అలవాటవుతుంది, తిండీ అలవాటవుతుంది. నేను వాళ్ళకు ఒక తుపాకి సంగతి చెప్తాను. సగంలోనే ఫోన్ చూసుకుంటారు. చదివేవాళ్ళు ఫోన్ చూసుకున్నా నాకు కనబడదు కాబట్టి ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

ముందు పని గురించి నాలుగు ముక్కలు. స్కోప్‌లోంచి చూస్తే ఒక నిలువుగీత, ఒక అడ్డగీత కనబడతాయి. రెండూ కలిసేచోట గురి. తూటా దూరం పోయేకొద్దీ కిందికి జారుతుంది. అందుకని దూరపు వేటలో స్కోప్ మీదున్న మర తిప్పి, ఆ జారుడుకు తగ్గట్టు తూటాను పైకి లేపుకుంటారు. నిలువుగీత నిట్టనిలువుగా ఉంటే తూటా నేరుగా లేస్తుంది. గీత ఏ కాస్త వాలినా లేస్తూ లేస్తూ పక్కకి కూడా జరుగుతుంది. దగ్గర్లో కొట్టినప్పుడు ఈ తేడా తెలియదు. దోహాలో గురి సరిచూసుకునే రేంజిలో అట్టముక్క నడిమధ్యనే చిల్లు పడుతుంది, కొన్నవాడు సంతోషంగా ఇంటికి పోతాడు. తప్పు బయటపడేది ఎక్కడో పరాయి దేశంలో, కొండమీద, లోయకు అవతల జంతువు నిలబడ్డప్పుడే.

గీత నిలువుగా ఉందో లేదో చూడటానికి నా దగ్గర పెద్ద యంత్రమేమీ లేదు. వెనక గదికి ఒక పొడుగాటి నడవ ఉండేది. దాని చివర పైనుంచి ఒక దారం వేలాడదీసి, చివర బరువైన నట్టు కట్టాను. ఏసీ గాలికి దారం ఊగుతుందని నట్టును ఇంజిన్ ఆయిల్ డబ్బాలో ముంచి ఉంచేవాణ్ణి. నూనెలో ఉన్న నట్టు కదలదు, దారం కూడా కదలదు. స్కోప్‌లోంచి చూసి గీతను ఆ దారం మీద కూర్చోబెట్టడమే పని. మా ఊళ్ళో గోడ కట్టే మేస్త్రీ చేసేదీ ఇదే. ఆయన గోడ కళ్ళముందు కనబడుతుంది, నాది కనబడదు.

ఆ దుకాణంలో నేను పట్టుబట్టి పెట్టించిన నియమం ఒకటుంది. నేను చేరిన కొత్తల్లో కౌంటర్లో ఒకతను తొందరపడి మర బిగించి, ఖరీదైన స్కోప్ గొట్టాన్ని చిట్లగొట్టాడు. ఆ మాట నా మీదికి వచ్చింది. నేను యజమాని దగ్గరికి వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. అప్పట్నించి కౌంటర్లో ఎవరూ స్క్రూడ్రైవర్ ముట్టుకోకూడదు. తుపాకి ఒక చిన్న కిటికీలోంచి నా దగ్గరికి రావాలి, ఆ కిటికీలోంచే పోవాలి. కొనేవాళ్ళతో మాట్లాడేది వాళ్ళు, మర తిప్పేది నేను. ఈ దుకాణంలో మర తిరిగిందంటే నా చేతిలోనే తిరిగిందని ఛాతీ విరుచుకుని చెప్పుకునేవాణ్ణి. ఈ నియమాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

కౌంటర్లో ఉండేది మా జిల్లావాడే, బోధన్ మనిషి. ఇంట్లో దక్కనీ, బయట తెలుగు. దోహాలోనే అల్ మన్సూరా పేటలో నేనూ అతనూ ఒకే గదిలో ఉండేవాళ్ళం, మా మంచాలు పక్కపక్కనే. మండుటెండలో నిలబడ్డవాడికి కంబళి అమ్మగల నోరు అతనిది. నాకు జ్వరమొస్తే గంజి కాచి పెట్టినవాడు కూడా అతనే, ఆ మాట దాచను. మేనేజర్ కాకినాడవైపు మనిషి, పెద్ద చదువు చదివాడు, అబూ హమూర్‌లో భార్యాపిల్లలతో ఉండేవాడు. ఊరికెళ్ళి వచ్చినప్పుడల్లా కాజాలు తెచ్చి మొదటిది నాకే ఇచ్చేవాడు. నన్ను మాస్టారూ అని పిలిచేవాడు. చెడ్డవాళ్ళెవరూ లేని దుకాణం మాది. నా కడుపుమంటకు కారణం అదే. చెడ్డవాడు ఒకడుంటే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

మా దగ్గరికి ఒక ఖతరీ పెద్దాయన వచ్చేవాడు. సైన్యంలో చేసి దిగిపోయిన మనిషి, ఇల్లు అల్ హిలాల్‌లో. ఏటా ఏదో చలి దేశానికి పోయి కొండమేకను వేటాడటం ఆయన సరదా. గుర్రం మీంచి పడి కుడి భుజం విరిగింది. ఎముక అతుక్కుంది గానీ సరిగ్గా అతుక్కోలేదు. తుపాకి భుజానికి ఆనిస్తే ఎడమవైపుకు వాలిపోయేది. ఈయనకు స్కోప్‌లో గీత ఎప్పుడూ వంకరగానే కనబడేది. ఊళ్ళోని దుకాణాలన్నీ తిరిగాడు. అందరూ ఆయన భుజాన్ని సరిచెయ్యాలని చూశారు. మోచెయ్యి ఇలా పెట్టండి, మెడ అలా తిప్పండి అన్నారు. కొండలెక్కడం ఇదే ఆఖరని డాక్టర్లు చెప్పిన ఏడాది ఆయన నేరుగా నా వెనక గదిలోకే వచ్చేశాడు.

ఆయన్ను నడవలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని తుపాకిని ఆయనకు సుఖంగా ఉన్నట్టు పట్టుకోమన్నాను. తుపాకి వాలింది. వాలనిచ్చాను. స్కోప్ రింగులు వదులు చేసి, గొట్టాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ, కళ్ళు తెరిచి గీత దారం మీదికి వచ్చినప్పుడు చెప్పమన్నాను. వచ్చింది. అక్కడే బిగించాను. తుపాకి వాలి ఉంది, గీత నిటారుగా ఉంది. దూరపు వేటలో తూటా లేచేది గీత వెంబడే కాబట్టి అది చాలు, మిగిలే కొద్దిపాటి తేడా రేంజిలో సరిచేసుకోవచ్చు. సరిచేశాం కూడా. పెద్దాయన చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత నవ్వాడు.

ఈ వేటకు పోయి తిరిగొచ్చాక నన్ను తన దగ్గర పెట్టుకుంటానని అక్కడే మాట ఇచ్చాడు. ఇంట్లో ఉన్న తుపాకులన్నీ చూసుకోవాలి. వెనకవైపు మెట్ల పక్కన గది ఉంది, భార్యను తెచ్చుకో, వీసా సంగతి నేను చూస్తానన్నాడు. ఆయన పలుకుబడికి అది పెద్ద పని కాదు. ఆ గది కిటికీలోంచి రేగుచెట్టు కనబడుతుందని కూడా చెప్పాడు. పెళ్ళయిన నాటి నుంచి నా భార్యా నేనూ సెలవులకు మాత్రమే కలిసి బతికినవాళ్ళం. ఆ సాయంత్రం ఫోన్ చేసి చెప్తే ముందు నమ్మలేదు. రేగుచెట్టు ఉందని చెప్తే నమ్మింది. "గా దేశంల గూడ రేగ్గాయలు కాస్తయా?" అని అడిగింది. వారం తిరక్కుండా ఎర్ర సూట్‌కేసు కొనుక్కుని, దుబాయ్ పోతున్నానని ఊరంతా చెప్పింది. నేనుండేది ఖతర్ అని మా ఊళ్ళో ఎవరికీ ఎక్కదు.

తుపాకి కిటికీలోంచి కౌంటర్‌కు ఇచ్చేటప్పుడు బోధన్ భాయ్‌కి ఒక జాగ్రత్త చెప్పాను. దీనికి రసమట్టం పెట్టొద్దు, ఎవరినీ పెట్టనివ్వొద్దు అని. మేస్త్రీలు వాడే రసమట్టమే గోరంత సైజులో తుపాకులకూ వస్తుంది. చిన్న గాజుగొట్టంలో బుడగ ఉంటుంది, బుడగ మధ్యకి వస్తే తుపాకి నిటారుగా ఉన్నట్టు లెక్క. మామూలు తుపాకికి అది మంచిదే. ఈయన తుపాకి వాలితేనే గీత నిలబడేలా బిగించాను. బుడగను నమ్మి తుపాకిని నిటారుగా పట్టుకున్నాడా, గీత వాలిపోతుంది. అతను తలూపాడు. అతను తలూపితే చెప్పింది బుర్రకెక్కినట్టేనని నాకు నమ్మకం.

పెద్దాయన తుపాకి తీసుకుపోయిన రోజు నేను వెనక గదిలో వేరే పనిలో ఉన్నాను. సాయంత్రం గదికి చేరాక బోధన్ భాయ్ నవ్వుతూ చెప్పాడు. ఈ రోజు మేనేజర్ సాబ్ కోటు విప్పి, స్క్రూడ్రైవర్ పట్టుకుని తానే రసమట్టం బిగించాడు, పెద్దాయనకు దుకాణం తరఫున తోఫా అట, ఊరికే ఇచ్చాడు అని. మంచి కంపెనీది, ఖరీదైనది. బుడగ మధ్యలో ఉండేలా చూసుకోండి సర్, గురి తప్పదు అని జాగ్రత్తలు కూడా చెప్పి పంపాడట. నేను మంచం మీంచి లేచి నిలబడ్డాను. నేను చెప్పిన మాట ఏమైందని అడిగితే అతని మొహంలో నవ్వు పోయింది. గిరాకీ ఎక్కువుండె, దిమాగ్‌లకెళ్ళి పోయిందన్నాడు.

అప్పటికి పెద్దాయన విమానం ఎక్కేశాడు. మేనేజర్‌కు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"మాస్టారూ, మీరేం కంగారుపడకండి. చిన్న బుడగే కదండీ, దానివల్ల ఏమవుతుంది చెప్పండి. వేటకెళ్ళిన మనిషికి ఫోన్ చేసి మేమే తప్పు చేశామని చెప్పుకుంటే బాగోదు," అన్నాడు.

నేనే చేస్తాను, నంబర్ ఇవ్వండి అన్నాను. కొనేవాళ్ళతో మాట్లాడేది కౌంటర్ కదా మాస్టారూ, ఆ నియమం మీరు పెట్టించిందే కదా అని మెత్తగా అన్నాడు. మర్నాడు బోధన్ భాయ్ తన ఫోన్ నుంచి కలిపి చూశాడు. కలవలేదు, కొండల్లోకి పోయి ఉంటాడు. ఇక నాకు మిగిలింది ఎదురుచూడటమే. అల్లా దయవల్ల మేక దగ్గర్లోనే కనబడాలని అతను, దేవుడి దయవల్ల అసలు కనబడకూడదని నేను కోరుకుంటూ పక్కపక్క మంచాల మీద పడుకున్నాం.

కొండమేక కనబడింది, దూరంగానే కనబడింది. పెద్దాయన తిరిగొచ్చి దుకాణం ముందుభాగంలో సోఫాలో కూర్చుని నన్ను పిలిపించాడు. అన్నేళ్ళలో నేను కౌంటర్ ఇవతలికి రావడం అదే మొదలు. ముందర పెట్టిన గహ్వా కాఫీని ఆయన ముట్టుకోలేదు. తనకొచ్చిన హిందీలో నెమ్మదిగా చెప్పాడు. లోయ అవతల మేక నిలబడింది. మర తిప్పాడు. బుడగను మధ్యకి తెచ్చాడు, చెప్పినట్టే ఎంతో జాగ్రత్తగా తెచ్చాడు. తూటా గుండెకు కాకుండా వెనక కాలికి తగిలింది. మేక మూడు కాళ్ళ మీద రాళ్ళు దాటుకుంటూ పోయింది. వెంట ఉన్నవాళ్ళు వెతికి వెతికి వదిలేశారు. చంపడానికి పోయానుగానీ కుంటిదాన్ని చెయ్యడానికి పోలేదన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా మొహం కాదు, నా చేతులు చూస్తున్నాడు.

దారం తెచ్చుకోనిమ్మని అడిగాను. డేగల కళ్ళకు తొడిగే తోలు టోపీలు వేలాడే కొక్కెం ఒకటి ముందుభాగంలో ఉంది. దానికి దారం కట్టి నట్టు వేలాడదీశాను. తుపాకిని అలవాటుగా పట్టుకోమన్నాను. గీత దారం మీదే ఉందన్నాడు. ఇప్పుడు బుడగను మధ్యకి తెమ్మన్నాను. తెచ్చాడు. గీత దారాన్ని వదిలి పక్కకి వాలింది. ఆయనకు సంగతి అర్థమైంది, ఇంకొకరు వివరించాల్సిన పని లేకపోయింది. తుపాకి ఒళ్ళో పెట్టుకుని, నీ పని సరిగ్గానే ఉందన్నాడు. ఆ ఒక్క క్షణం నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

తర్వాత, మరి ఈ బుడగ ఎవరు పెట్టారని అడిగాడు.

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. ఫిట్టింగ్ అంతా వర్క్‌షాప్‌లోనే జరుగుతుంది సర్, మా కౌంటర్లో ఎవరూ స్క్రూడ్రైవర్ ముట్టుకోరు, అది మా నియమం అన్నాడు. రోజూ నేను చెప్పుకునే మాటనే ఆయన చెప్పాడు. నన్ను ఇరికించడానికి కొత్తగా అబద్ధం వెతుక్కోవాల్సిన శ్రమ కూడా పడలేదు. నేను పెట్టలేదన్నాను. ఈ మేనేజర్ సారే పెట్టారు, ఇక్కడే, ఈ గాజు బల్ల మీదే, ఈ భాయ్ చూశాడన్నాను. అందరూ అతనివైపు తిరిగారు.

బోధన్ భాయ్ గుడ్డతో గాజు బల్ల తుడుస్తున్నాడు. దాని మీద దుమ్మేమీ లేదు.

"చెప్పు భాయ్," అన్నాను.

"నాకు యాద్ లేదు," అన్నాడు తెలుగులో, తల ఎత్తకుండా. తర్వాత పెద్దాయన కోసం అదే మాట హిందీలో చెప్పాడు.

ఆ నియమం పెట్టింది ఎవరని పెద్దాయన నన్ను అడిగాడు. నేనేనన్నాను. ఇంకేమంటాను? ఆయన "ఖలాస్," అని లేచాడు. యజమానికి ఫిర్యాదు చెయ్యలేదు, నా పని పోగొట్టలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. తుపాకి తీసుకుని వెళ్ళిపోయాడు. మెట్ల పక్కన గది గురించి మళ్ళీ ఎప్పుడూ మాట రాలేదు. పని సరిగ్గా ఉందని రుజువు చేసుకోవడానికి నా అంతట నేనే దారం కట్టాను, ఆ దారంతోనే నా గొంతు బిగిసింది.

ఆ శుక్రవారం పొద్దున బోధన్ భాయ్ కిందికెళ్ళి నాకోసం పరోటా, కరక్ చాయ్ తెచ్చి మంచం పక్కన పెట్టాడు. నేను గోడవైపు తిరిగి ఉన్నాను. అతను చాలాసేపు కూర్చున్నాడు. మేనేజర్ సంతకం లేకపోతే తన అకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ కాదని చెప్పాడు. చివరికి అసలు మాట బయటికి వచ్చింది.

"నీకు చేతిల హునర్ ఉన్నది భాయ్, పనితనం ఉన్నది. ఈడ కాకపోతే ఇంకోకాడ బతుకుతవ్. నాకేమున్నది చెప్పు? నోరు ఒక్కటే ఉన్నది."

చాయ్ చల్లారిపోయింది, నేను ముట్టుకోలేదు. మేనేజర్ మీద నాకు కోపం వచ్చింది, వచ్చి పోయింది. భాయ్ మీద మాత్రం కోపం రాలేదు, ఏడుపు వచ్చింది. కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు దిగిపోయేది.

ఇంటికి ఫోన్ చేసి నా భార్యకు అంతా చెప్పాను, దారం, బుడగ, నోరు ఒక్కటే ఉన్నదన్న మాట, ఏదీ వదలకుండా చెప్పాను. ఆమె సరేనంది. సూట్‌కేసు ఏం చెయ్యాలని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

కొన్ని నెలలకు బోధన్ భాయ్ దుకాణం మానేశాడు. ఎక్కడ చేరాడో మీరు ఊహించే ఉంటారు. పెద్దాయన ఆ దెబ్బతో వేటే పూర్తిగా మానుకున్నాడు, తుపాకులు చూసే మనిషితో ఆయనకు పని లేకపోయింది. ఇంటి మజ్లిస్ హాలుకు వచ్చేవాళ్ళను పలకరించి, కూర్చోబెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పే మనిషి కావాల్సి వచ్చింది. ఏడాది తిరిగేసరికి భాయ్ భార్య వచ్చింది. మెట్ల పక్కన గదిలోనే దిగారు. ఒకరోజు అతను దుకాణానికి వచ్చి కిటికీలోంచి ఒక డబ్బా లోపలికి జరిపాడు. అతని భార్య వండిన బగారా అన్నం, పైన కవర్లో దోసెడు రేగుపళ్ళు. ఏ చెట్టువని నేను అడగలేదు. అన్నం తిన్నాను. పళ్ళు కూడా తిన్నాను. పుల్లగా ఉంటే బాగుండేది. తియ్యగా ఉన్నాయి.

నేను దిగిపోయిన రోజు మేనేజర్ దుకాణంలో చిన్న సభ పెట్టాడు. నా పేరు చెక్కించిన అద్దం బిళ్ళ చేతికిచ్చి, మీలాంటి పనివాడు మాకు మళ్ళీ దొరకడండీ మాస్టారూ అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నిజంగానే ఉన్నాయి. ఆ నీళ్ళను ఏం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

కుర్రాళ్ళు ఇక్కడిదాకా వింటే, అయితే మేమేం చెయ్యాలని అడుగుతారు. పని బాగా చెయ్యండని చెప్పలేను, నేను బాగానే చేశాను. జాగ్రత్తగా ఉండండని చెప్పలేను, నియమం పెట్టిందే జాగ్రత్త కోసం. మంచివాళ్ళతో స్నేహం చెయ్యండని అసలే చెప్పలేను. దగ్గర్లో నిలబడి చూసినంతకాలం నా స్నేహం కూడా అట్ట నడిమధ్యనే తగిలింది. చివరికి, టికెట్ జాగ్రత్తగా పెట్టుకో అని చెప్పి పంపించేస్తాను.

మొన్న చుట్టాల పెళ్ళికి వెళ్ళాం. భోజనాల దగ్గర ఒక పెద్దమ్మ నా భార్యను పట్టుకుంది. బంగారమసొంటి మొగడు దుబాయ్ రమ్మని పిలిస్తే పోకపోతివి, మనిషిని అన్నేండ్లు ఒంటరిగ ఉంచితివి అని పదిమందిలో దులిపింది. అసలు సంగతేమిటంటే, గది మాట పోయిందని నేను ఫోన్ చేసిన మర్నాడే నా భార్య ఊళ్ళో, తానే రానన్నానని, ఆ ఎండ తనకు పడదని చెప్పేసింది. నన్ను ఎవరూ చిన్నచూపు చూడకూడదని. ఆ ఏడాది సెలవుకు వచ్చినప్పుడు నేను నలుగురిలో దిద్దబోతే, ఊకోమని మోచేత్తో పొడిచింది. అప్పట్నించి ఆమెకు ఊళ్ళో మొగుణ్ణి పట్టించుకోని మనిషని పేరు.

ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు. ఆమె వద్దనలేదు పెద్దమ్మా, నా పనే చెడిందని మొదలుపెట్టాను. గీత, దారం, బుడగ దాకా వచ్చేసరికి పెద్దమ్మ పెరుగు వడ్డించేవాణ్ణి కేకేసి అటు తిరిగింది. నా భార్య తలొంచుకుని తింటోంది.

తిరిగి ఆటోలో వచ్చాం. ఇల్లు దగ్గర పడుతుండగా, "ఇప్పుడెందుకు అవన్ని? ఇన్నేండ్లు నీకోసం నేను అబద్ధమాడిన, నాకేం కాలె," అంది. బయటికి చూస్తూ మళ్ళీ అంది.

"నోరు ఒక్కటే ఉన్నదన్నడు గద నీ దోస్తు. ఆ ఒక్కటి గూడ ఆ దినం నీకు అక్కరకు రాకపాయె."